రెండు మానిటర్ల మీద టాస్క్‌బార్: ఏ అమరిక మేలు?

రెండో మానిటర్ కొనేటప్పుడు అందరం సైజు, ధర, కేబుల్ చూసుకుంటాం. తెరిచిన విండోల బటన్లు చూపే అడుగు పట్టీ, అంటే టాస్క్‌బార్ గురించి ఆలోచించం. అయితే రోజంతా రెండు స్క్రీన్ల ముందు కూర్చునేవాళ్లకు సుఖమో చిరాకో తేలేది అక్కడే. కుడి స్క్రీన్‌లో ఉన్న ఫైలు ముందుకు రావాలంటే ఎడమ స్క్రీన్ కిందికి మౌస్ లాక్కెళ్లాల్సి వస్తే, గంటకు ఎన్నిసార్లు మెడ తిప్పుతామో లెక్క ఉండదు. అందుకే నా కొలబద్ద ఒక్కటే: ఏ స్క్రీన్‌లో తెరిచిన విండోకు ఆ స్క్రీన్ కిందే బటన్ కనిపించాలి. ఉన్న దారులన్నీ ఈ లెక్కతోనే పోలుస్తున్నాను.

విండోస్ 98 నుంచే రెండు మానిటర్లు పెట్టుకునే వీలుంది కానీ టాస్క్‌బార్ మాత్రం మెయిన్ స్క్రీన్‌కే పరిమితం. అల్ట్రామాన్, డిస్‌ప్లేఫ్యూజన్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ లోటు తీర్చేవి. 2012లో విండోస్ 8 వచ్చాకే రెండో స్క్రీన్‌కూ సొంతంగా టాస్క్‌బార్ దొరికింది.

ఇప్పుడు విండోస్ 11 సంగతి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, దాని కింద టాస్క్‌బార్ బిహేవియర్స్. అక్కడ అన్ని డిస్‌ప్లేల మీదా టాస్క్‌బార్ చూపించమని టిక్ పెడితే, బటన్లు ఎక్కడ కనిపించాలో మూడు రకాలుగా ఎంచుకోవచ్చు. మొదటిది ‘ఆల్ టాస్క్‌బార్స్’. ఏ విండో ఎక్కడ తెరిచినా దాని బటన్ రెండు చోట్లా ఉంటుంది, పిన్ చేసిన (ఎప్పుడూ బార్ మీదే ఉండేలా పెట్టుకున్న) ఐకాన్లు కూడా రెండు చోట్లా ఉంటాయి. రెండోదాంట్లో మెయిన్ బార్ మీద అన్నీ ఉంటాయి, రెండో బార్ మీద మాత్రం ఆ స్క్రీన్‌లో తెరిచినవే. మూడోదాంట్లో ఏ స్క్రీన్‌వి ఆ స్క్రీన్‌కే.

విండోస్ ముందుగా ఇచ్చేది మొదటిది, చాలామంది అలాగే వదిలేస్తారు. నాకు అది నచ్చదు. పది విండోలు తెరిస్తే రెండు బార్‌లూ నిండిపోతాయి, ఏది ఎక్కడుందో చెప్పే గుర్తేమీ ఉండదు. బటన్ ఇక్కడ నొక్కితే విండో అవతలి స్క్రీన్‌లో పైకి వస్తుంది, కళ్లు దాన్ని వెతుక్కోవాలి. మూడోదే మేలు. కింద చూడగానే ఈ స్క్రీన్‌లో ఏమున్నాయో తెలిసిపోతుంది. విండోస్ కీ, షిఫ్ట్, బాణం కీ కలిపి నొక్కి విండోను పక్క స్క్రీన్‌కు పంపితే బటన్ కూడా దాని వెంటే వెళ్తుంది. పిన్ చేసిన ఐకాన్లు మెయిన్ బార్ మీదే మిగలడం ఇందులో ఉన్న లోటు. విండోస్ కీతో 1, 2, 3 అంకెలు నొక్కితే పిన్ చేసిన వరుసలోనే అవి తెరుచుకుంటాయి కాబట్టి ఆ లోటు పెద్దగా బాధించదు.

అదే పేజీలో ఇంకో సెట్టింగ్ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బటన్లను కలిపేసి పేర్లు దాచాలా వద్దా అన్నది మెయిన్ బార్‌కు ఒకటి, మిగతా బార్‌లకు ఒకటి, విడివిడిగా పెట్టుకోవచ్చు. 2021లో విండోస్ 11 విడుదలైనప్పుడు పేర్లు చూపే వీలే తీసేశారు, 2023లో తిరిగి ఇచ్చారు. మెయిన్ బార్ మీద కలిపి ఉంచి, రెండోదాని మీద ‘నెవర్’ (ఎప్పుడూ కలపవద్దు) పెట్టండి. అనువాదాలు, ప్రూఫులు చూసేవాళ్లకు ఇది వరం. నాలుగు వర్డ్ ఫైళ్లు ఒకే ఐకాన్ కింద దాక్కోకుండా, పేర్లతో వరుసగా కనిపిస్తాయి.

తెలుగులో టైప్ చేసేవాళ్లు మెయిన్ స్క్రీన్ ఏదన్నది కూడా ఆలోచించి పెట్టుకోవాలి. గడియారం రెండో బార్ మీద ఉంటుంది. కానీ కీబోర్డు ఇంగ్లీషులో ఉందా తెలుగులో ఉందా అని చూపే గుర్తు మెయిన్ స్క్రీన్ మూలనే ఉంటుంది. పెద్ద మానిటర్ కదా అని దాన్నే మెయిన్ చేసి, పక్కనున్న చిన్నదాంట్లో టైప్ చేస్తుంటే, సగం వాక్యం ఇంగ్లీషు అక్షరాల్లో పడ్డాక గానీ తెలియదు. సైజుతో పని లేదు, టైప్ చేసే స్క్రీన్‌నే మెయిన్ చేసుకోండి. అలా కుదరకపోతే అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, ఒక్కో విండోకు ఒక్కో కీబోర్డు గుర్తుపెట్టుకోమనడం. బ్రౌజర్‌లో ఇంగ్లీషు, వర్డ్‌లో తెలుగు అలాగే నిలిచి ఉంటాయి, మాటిమాటికీ విండోస్ కీ, స్పేస్ నొక్కే పని తప్పుతుంది. రెండోది డెస్క్‌టాప్ లాంగ్వేజ్ బార్. ఈ చిన్న పట్టీని పట్టుకుని కావాల్సిన స్క్రీన్‌లోకి జరుపుకోవచ్చు.

విండోస్ 10 దీనికంటే బాగుండేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కొన్ని విషయాల్లో వాళ్ల మాట నిజమే. ఒక స్క్రీన్‌లో టాస్క్‌బార్‌ను ఎడమ అంచుకు, ఇంకోదాంట్లో కుడి అంచుకు జరుపుకోగలిగేవాళ్లం. వెడల్పాటి మానిటర్లలో పక్క అంచున చోటు వృథాగానే పడి ఉంటుంది కాబట్టి అది మంచి ఏర్పాటు. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ టూల్‌బార్’ అంటే ఏ ఫోల్డర్‌నైనా అక్కడికి తెచ్చుకోవచ్చు, నొక్కగానే లోపలి ఫైళ్లన్నీ జాబితాగా తెరుచుకునేవి. విండోస్ 11 ఈ రెండింటినీ తీసేసి వచ్చింది. అయితే ఆ టూల్‌బార్లు మెయిన్ బార్ మీదే ఉండేవి, రెండో స్క్రీన్‌కు వాటివల్ల ఒరిగిందేమీ లేదు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఒక టూల్‌బార్ కోసం బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌ను పాత విండోస్‌లో ఉంచేయమని నేను ఎవరికీ చెప్పను. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, రోజూ వాడే ఫోల్డర్లను ఆ జాబితాలో పిన్ చేసుకుంటే చాలావరకు అదే పని జరుగుతుంది.

ఇక బయటి సాఫ్ట్‌వేర్లు. ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్ ఉచితం, స్టార్ట్‌ఆల్‌బ్యాక్‌కు డబ్బు కట్టాలి. రెండూ పాత టాస్క్‌బార్ రూపాన్ని తిరిగి తెస్తాయి. ఇవి విండోస్ లోపలి భాగాల్లోకి చొరబడి పనిచేస్తాయి కాబట్టి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెడే అవకాశం ఉంది. రేపు ఉదయం డెడ్‌లైన్ ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ అనవసరం. డిస్‌ప్లేఫ్యూజన్ తీరు వేరు. అది విండోస్ బార్‌ను మార్చడం మానేసి రెండో స్క్రీన్‌లో తన సొంత బార్ పెడుతుంది, దాన్ని పైనో పక్కనో పెట్టుకోవచ్చు. మూడు నాలుగు మానిటర్లు ఉన్నవాళ్లకు అది సరైన ఖర్చే. రెండింటికి మాత్రం విండోస్‌లో ఉన్నదే సరిపోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఈ చర్చే ఉండదు, అడ్మిన్ అనుమతి లేకుండా ఇవేవీ ఎక్కించనివ్వరు.

నిజంగా మనకు నచ్చినట్టు పెట్టుకోవాలంటే లినక్స్‌లో కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌ను మించింది నేను చూడలేదు. ఒక్కో స్క్రీన్‌కు ఒక్కో ప్యానెల్ (అక్కడి టాస్క్‌బార్), ఏ అంచునైనా, ఏ ఎత్తులోనైనా పెట్టుకోవచ్చు. ఈ స్క్రీన్‌లోని విండోలే చూపించమని ఒక్కో ప్యానెల్‌కు విడిగా చెప్పవచ్చు. కీబోర్డు గుర్తులాంటివి ఉండే సిస్టమ్ ట్రేని రెండు ప్యానెళ్లలోనూ పెట్టుకోవచ్చు కాబట్టి మెయిన్ స్క్రీన్ ఏదన్న గొడవే ఉండదు. మన డీటీపీ వాళ్లు ఇటు రాలేకపోవడానికి కారణం వేరే ఉంది: పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ లినక్స్‌కు లేవు. యూనికోడ్‌లోనే రాసేవాళ్లకు ఆ అడ్డంకి లేదు. మ్యాక్‌లో 2013 నుంచి ప్రతి స్క్రీన్‌కూ మెనూ బార్ ఉంది కానీ, డాక్ (యాప్‌ల ఐకాన్లుండే పట్టీ) మాత్రం ఒక్కటే. పాయింటర్‌ను ఏ స్క్రీన్ అడుగుకు తీసుకెళ్తే అక్కడికి వస్తుంది. అలవాటైనవాళ్లకు బాగుంటుందేమో, ఎక్కడ ఏముందో ఎప్పుడూ కళ్ల ముందుండాలనే నాకు అది కుదరదు.

డిజైన్ పని చేసేవాళ్లకు టాస్క్‌బార్ కన్నా సాఫ్ట్‌వేర్ లోపలి టూల్‌బార్లే ఎక్కువ చోటు తింటాయి. ఫోటోషాప్‌లో లేయర్స్, కలర్ ప్యానెళ్లను లాగి రెండో మానిటర్‌లో పెట్టి, ఆ అమరికను వర్క్‌స్పేస్‌గా సేవ్ చేయవచ్చు. అప్పుడు మెయిన్ స్క్రీన్ మొత్తం బొమ్మకే. లిబ్రేఆఫీస్ టూల్‌బార్లు కూడా విడిగా తేలుతాయి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పైనుండే బటన్ల పట్టీ, రిబ్బన్ మాత్రం విండోను వదిలి రాదు. క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌ను రిబ్బన్ కిందికి దించి, అవసరమైన బటన్లు అందులో పెట్టుకుని, రిబ్బన్‌ను ముడిచేయడమే దారి.

ల్యాప్‌టాప్‌కు మానిటర్ తగిలించి వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద, మానిటర్ కనెక్షన్‌ను బట్టి విండోల స్థానాలు గుర్తుంచుకోమనే టిక్ ఉంటుంది. అది పెట్టి ఉంచితే కేబుల్ తీసి మళ్లీ తగిలించినప్పుడు విండోలు, వాటితోపాటే వాటి బటన్లు ముందున్న స్క్రీన్‌కే తిరిగి వస్తాయి.