పోలరైజ్డ్ కిటికీలు కొనేవారికి హెచ్చరిక: అద్దం మంచిదేనట, బయటి వెలుతురే సరైనది కాదట!

అమ్మినవారి పేరు నేను రాయడం లేదు, రాయనక్కరలేదు కూడా. ఒక్క తిప్పుతో పగలు, మరో తిప్పుతో రాత్రి అంటూ ప్రకటనలు గుప్పిస్తున్నది ఎవరో, కిటికీలు మార్పించుకునే ఆలోచనలో ఉన్నవారందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. నా ఫిర్యాదుకు వారు పంపిన జవాబు ఈ ఉదయమే చేరింది. కోపం చల్లారిన తరువాత రాస్తే మరీ మర్యాదగా రాస్తానేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

మా పడకగది కిటికీ పడమటి వైపు ఉంది. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా మంచం మీదికి వస్తుంది. పొద్దు గుంకాక లోపల దీపం వేస్తే ఎదుటి మేడ మీదివారికి గది మొత్తం కనిపిస్తుంది. ఈ రెండు బాధలకూ పోలరైజ్డ్ గ్లాసు, అంటే ఒక దిశలో కంపించే కాంతిని మాత్రమే రానిచ్చే అద్దం, ఒక్కటే మందు అన్నారు, మేము సరేనన్నాం, వారు కొలతలు తీసుకున్నారు, సొమ్ము మొత్తం ముందుగానే కట్టించుకున్నారు. ఇందులో విశేషమేమీ లేదు. విశేషమంతా కొనకముందు వారు మాకు చూపించిన ప్రదర్శనలో ఉంది.

వచ్చిన ప్రతినిధి సంచిలోంచి అరచేతి వెడల్పున్న బూడిద రంగు గాజు ముక్క ఒకటి తీశారు. తన లాప్‌టాప్ తెరిచి, తెర మీద తెల్లటి పేజీ ఒకటి పెట్టి, ఆ ముక్కను దాని ముందు నిటారుగా పట్టుకున్నారు. పేజీ కాస్త మసకబారిందే తప్ప అక్షరాలన్నీ చక్కగా కనిపించాయి. తరువాత ఆ ముక్కను మెల్లగా పక్కకు తిప్పుతూ వెళితే, పేజీ అంతకంతకూ చీకటిపడి, ఒకచోట పూర్తిగా నల్లబడిపోయింది. ముక్క అంచుకు ఇవతల తెర తెల్లగా వెలుగుతూనే ఉంది, ముక్క వెనక మాత్రం ఏమీ లేదు. “మీ కిటికీ కూడా ఇంతే మేడమ్, ఎంత వెలుతురు కావాలో మీరే పెట్టుకోవచ్చు” అన్నారు. విమానాల్లో మీట నొక్కితే ముదురుతాయే, ఆ అద్దాలు కూడా ఇవేనని ఒక మాట కలిపారు. బోయింగ్ 787 కిటికీల్లో ఉన్నది విద్యుత్తుతో రంగు ముదిరే ఎలక్ట్రోక్రోమిక్ పొర అని, దానికీ పోలరైజర్‌కూ సంబంధమే లేదని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు మాత్రం విమానం పేరు వినగానే ఎంతో మురిసిపోయాం.

అద్దం వచ్చింది, బిగించారు. తిప్పే మీట ఎక్కడుందని బిగించిన కుర్రవాణ్ణి అడిగితే, “తిప్పేదేమీ లేదమ్మా, ఇది ఫిక్స్‌డ్. ఇచ్చిన పలక బిగించి రమ్మన్నారు, బిగించాం” అని పనిముట్లు సర్దుకున్నాడు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, కోణం ఫ్యాక్టరీలోనే సరిచూసి పంపుతామని, అంతకుమించి వినియోగదారులు చేయవలసిందేమీ లేదని చాలా తియ్యగా చెప్పారు. మధ్యాహ్నం గదిలోకి చూస్తే ఎండ కొంచెం నీరసపడినట్టు ఉంది, అంతే. ఆ రాత్రే ఎదుటి మేడ మీది పిన్నిగారు ఫోన్ చేసి, “కొత్త అద్దాలు వేయించారటగా, తెర వేయడం మరిచిపోయినట్టున్నావమ్మా, మీ గదిలో ఫ్యాను తిరగడం కూడా కనిపిస్తోంది” అన్నారు. ప్రైవసీ కోసం అంత సొమ్ము పోసినవాళ్లం మరి, ఆ మాట వినవలసిందే కదా!

ఫిర్యాదు చేయగా చేయగా నిన్న సాయంత్రం అదే ప్రతినిధి వచ్చారు. అద్దం నల్లబడడం లేదని నేను చెబుతూ ఉండగానే, సంచిలోంచి మళ్లీ ఆ లాప్‌టాప్ బయటికి వచ్చింది. కిటికీ రెక్క బార్లా తెరిచి, దాని వెనక లాప్‌టాప్‌ను పట్టుకుని, ఈసారి అద్దం కదలదు కాబట్టి లాప్‌టాప్‌నే ఓరగా వాల్చుతూ వెళ్లారు. తెర నల్లబడింది. నల్లబడిన చోట చేయి కదలకుండా ఆపి, రెండో చేత్తో ఫోన్ తీసి ఫోటో తీసుకుని, “చూశారుగా, పనిచేస్తోంది” అన్నారు. మా కిటికీ అవతల ఉన్నది లాప్‌టాప్ కాదు, సూర్యుడు, కావాలంటే ఆయన్ను కూడా ఇలాగే పక్కకు వాల్చి చూపించండి అన్నాను. అప్పుడు ఆ పెద్దమనిషి తాపీగా సంచి మూసుకుంటూ అన్న మాటలు ఇవి: “అద్దంలో ఏ లోపమూ లేదు మేడమ్. మీ కిటికీకి బయటి నుంచి వచ్చే వెలుతురే సరైన రకం కాదు. దానికి మేమేం చేస్తాం?” సరైన రకం వెలుతురు ఎక్కడ దొరుకుతుందో, దానికి కూడా సొమ్ము ముందుగానే కట్టాలో ఏమో అడుగుదామనుకునేలోపు గుమ్మం దగ్గర ఆగి మరొకటి అన్నారు: “ఇవన్నీ టెక్నికల్ విషయాలు, మీకు చెప్పినా అర్థం కావు. సార్ ఇంట్లో ఉన్నప్పుడు వస్తాను.”

సొమ్ము పోయినందుకు కాదు, ఆ చివరి మాటకు ఒళ్లు మండింది. సార్‌ను అడగకుండానే ఒక్క రాత్రి కూర్చుని నేను తెలుసుకున్న టెక్నికల్ విషయం ఏమిటో కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఆ లాప్‌టాప్ రేపు మీ ఇంటికి కూడా వస్తుంది.

సూర్యుడి నుంచి గానీ, గదిలోని దీపం నుంచి గానీ వచ్చే కాంతి తాను ప్రయాణించే దారికి అడ్డంగా అన్ని దిశల్లోనూ కంపిస్తుంది. పోలరైజర్ పొర వాటిలో ఒక దిశలోని కంపనాలను రానిచ్చి, దానికి అడ్డంగా ఉన్నవాటిని పీల్చేసుకుంటుంది. కాబట్టి ఒక్క పొరను ఎండకు ఎదురుగా ఎటు తిప్పినా సిద్ధాంతం ప్రకారం సగం వెలుతురు వస్తూనే ఉంటుంది, ఆచరణలో సగానికి కొంత తక్కువ. వెలుతురు సగమైనా మన కంటికి పెద్ద తేడాగా తోచదు. కాస్త నీడపట్టుగా ఉందనిపిస్తుంది, అంతే. వెలుతురును నిజంగా అదుపు చేయాలంటే మొదటి పొర వెనక రెండో పొర ఉండాలి, ఆ రెంటిలో ఒకటి తిరగాలి. రెండూ ఒకే దిశలో ఉన్నప్పుడు దాటే వెలుతురులో 45 డిగ్రీలు తిప్పితే సగం, 60 డిగ్రీలు తిప్పితే పావు వంతు మిగులుతుంది, 90 డిగ్రీల దగ్గర దాదాపు ఏమీ మిగలదు. మరి ఒక్క ముక్కతోనే ఆ పేజీ ఎలా నల్లబడింది? లాప్‌టాప్‌లోని ఎల్‌సీడీ తెరకు పై పొరగా పోలరైజర్ ముందే ఉంటుంది. అంటే ఆ రోజు మేము చూసింది రెండు పొరల ఆట. ఒకటి ఆయన చేతిలో ఉంది, రెండోది లాప్‌టాప్‌లో ఉంది. మాకు అమ్మింది మాత్రం ఒక్కటే. బయటి వెలుతురు సరైన రకం కాదని ఆయన అన్నదానికి అర్థం ఇదే, అంటే జరిగిన మోసమేమిటో ఆయనకు ముందునుంచీ స్పష్టంగా తెలుసు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది కూడా అదే. తెలియక అమ్మినవారైతే రెండోసారి కూడా అదే లాప్‌టాప్‌ను మోసుకుని రారు.

రాత్రి సంగతి మరీ అన్యాయం. పోలరైజర్‌కు లోపల, బయట అన్న తేడా లేదు. పగలు బయటి ఎండను ఎంత రానిస్తుందో, రాత్రి లోపలి దీపాన్ని అంతే బయటికి పోనిస్తుంది. లోపలివారికి బయట కనిపించాలి, బయటివారికి లోపల కనిపించకూడదు అన్న కోరిక పోలరైజర్‌తో తీరేది కాదు. రెండు పొరలు ఉన్నా, పూర్తిగా నల్లగా తిప్పుకుని కూర్చుంటేనే మరుగు, అప్పుడు మనకూ బయట ఏమీ కనిపించదు. ఆ స్థితిలో కూడా, పొరల అక్షాలకు మధ్యగా ఓరగా చూసేవారికి కొంత వెలుతురు జారుతూనే ఉంటుందట. మన గదిలోకి తొంగిచూసేవారు ఎదురుగా నిలబడే చూడాలన్న నియమం ఏమీ లేదు కదా.

ప్రకటనలో నీటి మీది, అద్దాల మీది మెరుపును కూడా ఆపుతుందని రాశారు. అది కొంతవరకు నిజం, అందుకే మరింత కోపం. అద్దం మీద పడి ఏటవాలుగా తిరిగివచ్చే కాంతి పోలరైజ్ అవుతుందని, అంటే ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుందని, 1808లో పారిస్‌లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎతియెన్ లూయీ మాల్యూస్ కనిపెట్టింది కూడా ఒక కిటికీ వల్లనే. అక్కడి లక్సెంబర్గ్ భవనం అద్దాల మీద మెరుస్తున్న సాయంత్రపు ఎండను ఆయన, ఒక వస్తువును రెండుగా చూపించే స్ఫటికంలోంచి చూసి, స్ఫటికాన్ని తిప్పుతుంటే దానిలో కనిపించే రెండు బింబాల వెలుగు హెచ్చుతగ్గులు కావడం గమనించారు. అయితే నేల మీది నీటి మెరుపుకు ఏ దిశలో పొర అంటిస్తారో, పక్కనున్న నిలువు అద్దాల మెరుపుకు దానికి అడ్డంగా అంటించాలి. మా పక్క భవనానికి ఉన్నవన్నీ నిలువు అద్దాలే. ఫ్యాక్టరీలోనే సరిచూసిన కోణం పుణ్యమా అని ఆ మెరుపు నిక్షేపంగా లోపలికి వస్తోంది.

వేడి గురించి ఎక్కువ చెప్పను. ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే, పోలరైజర్లలో ఎక్కువగా వాడే అయోడిన్ రకం పొరలు వాటిని పెద్దగా ఆపవు. ఆపిన కనిపించే వెలుతురేమో అద్దంలోనే వేడిగా మారుతుంది. సాయంత్రం ఆ పలక మీద చేయి పెట్టి ఉంచలేకపోతున్నాం. పైగా అది గ్లాసు కూడా కాదు. కింది మూల రబ్బరు బీడింగు దగ్గర గోరుతో గీరితే బూడిద రంగు పొర ఒకటి లేచి, దాని కింద మామూలు తెల్ల అద్దం బయటపడింది. వేడికీ తేమకూ ఈ పొరలు చెడతాయట. వాన పడే కిటికీకి, మూల సరిగా మూయకుండా, అదే పొర అంటించారు.

ఇక ఈ ఉదయం వచ్చిన జవాబు. ఉత్పత్తి పనితీరులో ఎలాంటి లోపమూ లేదని తమ ప్రతినిధి ప్రత్యక్షంగా పరిశీలించి ధ్రువీకరించారని, మీ కొలతలకు ప్రత్యేకంగా చేయించినది కాబట్టి తిరిగి తీసుకోవడం గానీ సొమ్ము వాపసు చేయడం గానీ కుదరదని రాశారు. రుజువుగా ఫోటో జతచేశారు. ఫోటోలో మా కిటికీ రెక్క, దాని వెనక నల్లబడిన లాప్‌టాప్, అంచున ఆ పెద్దమనిషి బొటనవేలు ఉన్నాయి. తెర పక్కనుంచి మా గోడ మీద పడుతున్న సాయంత్రపు ఎండ కూడా ఆ ఫోటోలోనే చక్కగా కనిపిస్తోంది. కింద ఆర్డరు కాగితంలోని మాటలు ఎత్తిరాశారు: పోలరైజ్డ్ గ్లాసు, ఒకటి. రెండు పలకలని ఎక్కడా లేదు, తిరుగుతుందని ఎక్కడా లేదు. ఆ మాటలన్నీ నోటితోనే చెప్పారు.

ఇలాంటివి కొనాలనుకునేవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. లాప్‌టాప్ గానీ, ఫోన్ గానీ, టీవీ గానీ పెట్టి చూపించే ప్రదర్శనను ఒప్పుకోకండి. మామూలు బల్బు ముందో, దీపం పడిన తెల్లగోడ ముందో ఆ ముక్క తిప్పమనండి, నల్లబడకపోతే రెండో ముక్క ఏదని అడగండి. నీలాకాశం వైపు పెట్టి కూడా చూపించనివ్వకండి, ఆకాశపు వెలుతురు కూడా కొంత పోలరైజ్ అయి ఉంటుంది. దీర్ఘచతురస్రాకారపు పలక చట్రంలో గుండ్రంగా తిరగలేదు కాబట్టి, కిటికీ గుండ్రంగానైనా ఉండాలి, లేదా పట్టీలు పట్టీలుగా పొరలు అంటించిన రెండు పలకల్లో ఒకటి పక్కకు జరిగేలానైనా ఉండాలి. ఏది ఎలా కదులుతుందో ఆర్డరు కాగితంలో రాయించుకోండి. అసలు కావలసింది మరుగే అయితే, ఆఫీసు గదుల్లో స్విచ్చి వేయగానే పాలరంగు నుంచి స్వచ్ఛంగా మారే ద్రవ స్ఫటికాల అద్దం వేరే వస్తువు, దాని గురించి విడిగా విచారించుకోండి. వారి దగ్గర ఇప్పటికే కొన్నవారిలో ఎవరికైనా ఇదే నల్ల లాప్‌టాప్ ఫోటోతో జవాబు వచ్చి ఉంటే, ఆ కాగితాన్ని పారేయకుండా దాచి నాకు తెలియజేయండి. వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చే ఫిర్యాదు రాసుకుంటున్నాను, దానితో పాటు అవి కూడా జతచేస్తాను.