డబ్బాను డొల్ల చేయడానికి షెల్ మేలా, కట్ మేలా?

"థిక్‌నెస్ కొడితే ఎర్రర్ వస్తోందండీ, లోపల ఇంకో సాలిడ్ గీసి కట్ చేసేస్తే సరిపోదా?" వస్తువుల 3డి మోడళ్లు గీసే ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా పట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. ఘన ఆకారాన్ని (సాలిడ్) డొల్ల చేసి, చుట్టూ ఒకే మందం గోడ మిగిల్చే కమాండే థిక్‌నెస్. సాలిడ్‌వర్క్స్, ఫ్యూజన్ వాడేవాళ్లదీ ఇదే ప్రశ్న, కాకపోతే అక్కడ ఆ కమాండ్ పేరు షెల్.

కట్‌తో పని అవుతుంది. అయినా నేను షెల్ వైపే. షెల్ కుదరకపోతే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది, ఏదో తేడా ఉందని మనకు తెలుస్తుంది. కట్ ఆగదు. గోడ మందం తప్పినా శుభ్రంగా తొలిచి చేతిలో పెడుతుంది. తప్పు 3డి ప్రింట్ తీశాకే బయటపడుతుంది.

నాకు జరిగిందే చెప్తాను. సెన్సర్ బోర్డు కోసం 80×50×30 మి.మీ. డబ్బా గీశాను. గోడ 2 మి.మీ. ఉండేలా లోపలి దిమ్మను కట్ చేసి, తర్వాత బయటి నిలువు అంచులకు 5 మి.మీ. ఫిల్లెట్ ఇచ్చాను, అంటే 5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేశాను. స్క్రీన్ మీద ముచ్చటగా ఉంది. మూత స్క్రూలు బిగిస్తుంటే ఒక మూల చీలింది. సెక్షన్ తీసి, అంటే మోడల్‌ను అడ్డంగా కోసినట్టు చూసి, కొలిస్తే అక్కడ గోడ 0.76 మి.మీ.! లోపలి మూల పదునుగానే ఉండిపోయింది, బయట మాత్రం ఫిల్లెట్ కొరికేసింది. 7 ఇచ్చి ఉంటే కంతే పడేది. ఫిల్లెట్ ముందు ఇచ్చి, తర్వాత షెల్ చేస్తే లోపల 3 మి.మీ. వంపు దానంతటదే వస్తుంది, గోడ అంతటా 2 ఉంటుంది. షెల్ చేశాక 5 ఫిల్లెట్ ఇస్తే మాత్రం ఇదే గతి, కాబట్టి వరుస తప్పకూడదు.

మరి ఎర్రర్ ఎందుకొస్తుంది? ఫిల్లెట్ వ్యాసార్ధంలోంచి గోడ మందం తీసేస్తే మిగిలేదే లోపలి వంపు. ఫిల్లెట్ 1.5, గోడ 2 అయితే మిగలడానికి ఏమీ లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడ పదును మూల పెట్టి సర్దుకుంటాయి, ఫ్రీక్యాడ్ చాలాసార్లు చేతులెత్తేస్తుంది. అలాంటి చిన్న ఫిల్లెట్లను షెల్ తర్వాతకు జరపండి. 1.5 ఫిల్లెట్‌ను అప్పుడు ఇచ్చినా గోడ ఎక్కడా 2 కంటే తగ్గదు.

కట్‌లో జనం ఎక్కువగా దెబ్బతినేది స్కేల్ దగ్గర. 100×60×40 దిమ్మకు కాపీ తీసి 95 శాతానికి కుదించి, మధ్యలో పెట్టి కట్ చేస్తే గోడలు ఒకవైపు 2.5, ఇంకోవైపు 1.5, మరోవైపు 1 మి.మీ. వస్తాయి. వాలు గోడలది ఇంకో తిప్పలు. స్కెచ్‌ను అడ్డంగా 2 మి.మీ. లోపలికి జరిపితే, నిలువు నుంచి 30 డిగ్రీలు వాలిన గోడ అసలు మందం 1.73 మాత్రమే.

లోపలి ఆకారం బయటి ఆకారంలా ఉండనక్కర్లేనప్పుడు, అంటే బ్యాటరీకి గాడి కావాలన్నా, అడుగు భాగం మూడింతలు మందంగా కావాలన్నా, నేనూ కట్టే వాడతాను. మెలితిరిగిన లాఫ్ట్‌లకూ (వేర్వేరు స్కెచ్‌లను కలుపుతూ చేసిన ఆకారాలకు) ఒక్కోసారి అదే దిక్కు.

మందం లేని సర్ఫేస్ గీసి, దానికి మందం ఇవ్వడం (థికెన్) కారు బంపర్ లాంటి వాటికి బాగుంటుంది, డబ్బాకు అనవసరం. కోడ్ రాసి మోడల్ చేసే ఓపెన్‌స్కాడ్‌లో షెల్ లేదు, డిఫరెన్స్‌తోనే (అక్కడ కట్ పేరు ఇది) తొలచాలి. తెరిచి ఉండాల్సిన వైపు లోపలి దిమ్మను 0.01 మి.మీ. పైకి పొడిగించండి, పైన పలచని పొర మిగిలినట్టు కనిపించదు.

షెల్‌లో ఎర్రర్ లేకుండానే కొలత మారిందంటే దిశ చూడండి. మందం బయటికి వెళ్తే 80 డబ్బా 84 అవుతుంది. అలా బయటికి వెళ్లినప్పుడు ఫ్రీక్యాడ్‌లో జాయిన్ టైప్ ఆర్క్‌లో ఉంటే బయటి అంచులు కూడా గుండ్రబడతాయి, ఇంటర్‌సెక్షన్‌కు మార్చండి. ఫ్యూజన్‌లో తెరిచి ఉండాల్సిన ఫేస్ (ఆ వైపు ముఖం) ఎంచుకోకుండా మొత్తం బాడీని ఎంచుకుంటే లోపల మూసుకుపోయిన డొల్ల వస్తుంది, సెక్షన్ తీస్తే తప్ప కనిపించదు. ఇవేవీ కాకపోతే ఫిల్లెట్లన్నీ సప్రెస్ చేసి (తాత్కాలికంగా ఆపి), ఒక్కొక్కటే తిరిగి ఆన్ చేస్తూ ఎక్కడ ఆగుతుందో చూడండి.