విల్లుతో తొలి సీజన్: ఎదురొచ్చిన ఆడజింకా, పెద్ద కొమ్ముల కోసం ఆగడమా?

అమెరికాలో విల్లుతో జింకల వేట మొదలుపెట్టేవాళ్ళందరికీ తొలి సీజన్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. ట్రీ స్టాండ్ (వేటగాడు కూర్చునేందుకు చెట్టుకి కట్టుకునే మచాన్) కిందికి ఆడజింక వచ్చి నిలబడితే బాణం వదలాలా, పెద్ద కొమ్ముల మగజింక వచ్చేదాకా ఓపిక పట్టాలా? మా సమాధానం ముందే చెప్పేస్తున్నాం. చట్టం ఒప్పుకునే చోట, కనీసం మొదటి రెండు మూడు జింకల వరకు, ఇరవై గజాల లోపల పక్కకు తిరిగి నిలబడ్డ పెద్ద ఆడజింకను వదులుకోకండి. కొమ్ముల కోసం ఆగడం తప్పు కాదు, కానీ దాని వంతు ఆ తరవాత.

ఇక్కడ చెప్పేదంతా అమెరికాలోని తెల్లతోక జింక గురించి. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక, వాటి జోలికి ఏ రకంగానూ పోకూడదు. టెక్సాస్, ఒహాయో, న్యూజెర్సీల్లో స్థిరపడిన తెలుగువాళ్ళకి మాత్రం ఇది లైసెన్సు తీసుకుని చేసుకునే పని. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం అడ్డు చెబుతుంది, వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఇస్తుంది. విల్లు ఆ చట్టం లెక్కలో తుపాకీయే కాదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. న్యూజెర్సీలో విల్లు వేటకి వేరే కోర్సు ఉంది.

ట్రోఫీ అంటే ఎంత?

ఆగాలంటే ముందు దేనికోసం ఆగుతున్నారో తెలియాలి. విల్లుతో వేటాడిన జింకల రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్ 1961 నుంచి ఉంది. మామూలు ఆకారంలో పెరిగిన తెల్లతోక జింక కొమ్ములకి వాళ్ళ కనీస స్కోరు 125 అంగుళాలు. రెండు ప్రధాన కొమ్ముల పొడవు, వాటి లోపలి ఎడం, ఒక్కో చీలిక పొడవు, ఒక్కో కొమ్ముకి నాలుగు చోట్ల చుట్టుకొలత, ఇవన్నీ కూడితే స్కోరు వస్తుంది. కుడి ఎడమల మధ్య తేడా ఉంటే అది తీసేస్తారు. కొమ్ములు 60 రోజులు ఆరాకే కొలుస్తారు.

లెక్క వేసి చూడండి. ఎనిమిది పాయింట్ల (చీలికలు, ప్రధాన కొమ్ముల కొసలు కలిపి ఎనిమిది మొనలున్న) మగజింక, లోపలి ఎడం 16, ప్రధాన కొమ్ములు చెరి 20, మొదటి చీలికలు చెరి 4, రెండోవి చెరి 8, మూడోవి చెరి 7, చుట్టుకొలతలన్నీ కలిపి 29. మొత్తం 123. కంటికి నిండుగా కనిపించే జింకే, అయినా రెండు అంగుళాలు తక్కువ! పైగా కుడి ఎడమల తేడాలు ఇంకా తీసెయ్యలేదు. 1965లో ఇల్లినాయ్‌లో మెల్ జాన్సన్ అనే వేటగాడు విల్లుతో వేసిన జింక 204 4/8 దగ్గర ఎంత ఎత్తున ఉందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కొమ్ములకి కావలసినవి మూడు: వయసు, మేత, వంశం. ఏడాదిన్నర జింక ఎంత మంచి చోట పెరిగినా ఈ స్కోరు దరిదాపుల్లోకి రావడం అరుదు. కొమ్ములు పూర్తిగా పెరిగేది అయిదేళ్ళు దాటాకే. అయోవా, కాన్సస్ మొక్కజొన్న, సోయా చేల పక్కన మూడున్నరేళ్ళకే 125 దాటే జింకలుంటాయి. టెక్సాస్ నడిమధ్య కొండ ప్రాంతమైన హిల్ కంట్రీలో జింకలు కిక్కిరిసి, ఒళ్ళు చిన్నగా, మేత పలచగా ఉంటాయి. అక్కడ ముసలి మగజింక కూడా బతికినంత కాలం 125 చూడకపోవచ్చు. వీడియోల్లో చూసే 150, 160 అంగుళాల జింకల్లో కొన్ని ఎత్తయిన కంచెలు వేసి, దాణా పెట్టి పెంచినవి, పోప్ అండ్ యంగ్ వాటిని లెక్కలోకే తీసుకోదు. ఆ కొలత పట్టుకుని ఆస్టిన్ పక్కన పదెకరాల చెలకలో కూర్చుంటే, అక్కడ లేని జింక కోసం ఆగినట్టే.

ఆగితే చేజారేది

తీసుకోదగ్గ జింక దగ్గరకొచ్చినప్పుడు, దాని కంట పడకుండా విల్లు లాగడమే ఈ వేటలో అన్నిటికన్నా కష్టం. పెరట్లో టార్గెట్ మీద ఎంత సాధన చేసినా ఇది అబ్బదు. జింక తల చెట్టు చాటుకి వెళ్ళినప్పుడో, మేతకి వంగి అటు తిరిగినప్పుడో లాగాలి. ఒకసారి లాగాక అది ఆగిపోయి తేరిపార చూస్తుంటే, విల్లు బిగబట్టి నిమిషం పైన నిలబెట్టాలి. ఈ పని నిజం జింక మీద పదిసార్లు చేసినవాడికీ ఒక్కసారీ చేయనివాడికీ చాలా తేడా ఉంటుంది. పెద్ద కొమ్ముల కోసమే ఆగినవాడు ఆ మొదటిసారి లాగడం సీజన్ మొత్తంలో వచ్చిన ఒకే ఒక్క పెద్ద జింక మీద చేస్తాడు. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, విల్లు మీది గురి పిన్ను ఒకచోట నిలవదు. ఇక్కడివాళ్ళు బక్ ఫీవర్ అనేది దీన్నే. మంచి గురి ఉన్నవాళ్ళు కూడా ఆ క్షణంలో వింటి తాడు వదిలే పరికరం ట్రిగ్గర్‌ని గుద్దేస్తారు, బాణం పొట్టలోకి పోతుంది.

ఇంకో ప్రమాదం దూరంతో. సీజన్ అంతా ఆగాక వచ్చిన జింక నలభై గజాల్లో నిలబడితే వదులుకోబుద్ధి కాదు. బాణం సెకనుకి 270 అడుగులు పోతుందనుకోండి. ఇరవై గజాలకి 0.22 సెకను పడుతుంది. విల్లు చప్పుడు 0.05 సెకనులోనే జింక చెవిన పడుతుంది. అంటే అది కదలడానికి మిగిలింది 0.17 సెకను. నలభై గజాలకైతే బాణానికి 0.44, చప్పుడుకి 0.11, మిగిలింది 0.33. ఉలిక్కిపడ్డ జింక పరుగు తీయడానికి ముందు కాళ్ళు ముడిచి కిందికి దిగుతుంది. ఆ మూడో వంతు సెకనులో ఒళ్ళు జానెడు దిగిపోతే, ఊపిరితిత్తులకి పెట్టిన గురి వీపు మీద తగులుతుంది. చంపదగ్గ భాగం ఎనిమిది నుంచి పది అంగుళాల గుండ్రం, అంతకన్నా లేదు. కొత్తవాళ్ళకి ఇరవై గజాల హద్దు పెట్టేది అందుకే.

మీ హద్దు మీరు కనుక్కోవడానికి ఒక పరీక్ష ఉంది. రోజు మొదటి బాణం, చెయ్యి వేడెక్కకముందు, వేట జాకెట్టు తొడుక్కుని, హార్నెస్ (చెట్టు మీంచి పడకుండా కట్టుకునే పట్టీలు) కట్టుకుని, కుర్చీలో కూర్చుని వెయ్యండి. వరసగా పది రోజులు ఆ ఒక్క బాణం ఎనిమిది అంగుళాల కాగితపు ప్లేటులో పడితే, ఆ దూరం మీది. పాదాలు నేలకి ఆనించకుండా కూర్చుని విల్లు లాగలేకపోతే దాని లాగుడు బరువు తగ్గించాలి. 45, 50 పౌన్ల విల్లు, 400 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) బాణం, పదునైన బ్రాడ్‌హెడ్ (వేట బాణానికి పెట్టే బ్లేడ్ల ములికి) ఉంటే ఇరవై గజాల్లో ఆడజింకకి కావలసినంత. మీ రాష్ట్రంలో కనీస బరువు నియమం ఉంటే ముందే చూసుకోండి.

ఆడజింక అంటే చులకన వద్దు

మందలో ముందు నడిచే ముసలి ఆడజింకని మించిన అనుమానపు ప్రాణి అడవిలో ఉండదు. గాలి కొంచెం మారినా తల ఎత్తి, ముందుకాలితో నేల తన్ని, ముక్కుతో చీదుతుంది. ఇక ఆ సాయంత్రం అటు ఏమీ రాదు. పైగా ఒక జత కళ్ళు కాదు, నాలుగైదు జతల కళ్ళు. గాలి చూసుకోవడం, కదలకుండా ఉండడం, లాగే క్షణం ఎంచుకోవడం దీని దగ్గర నేర్చుకున్నవాళ్ళకి మగజింక దగ్గర కొత్తగా నేర్చుకోవలసింది తక్కువే.

ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాటు మగ జింకపిల్లని ఆడజింక అనుకోవడం. ఆ ఏడు పుట్టిన మగపిల్లకి కొమ్ములుండవు, చర్మం కింద రెండు బుడిపెలుంటాయి. దూరబీన్‌తో నుదురు చూడండి. చెవుల మధ్య నెత్తి బల్లపరుపుగా ఉంటే మగపిల్ల, గుండ్రంగా ఉంటే ఆడది. పొట్టి మూతి, చతురస్రం లాంటి ఒళ్ళు, ముందూ వెనకా చూడకుండా ఒంటరిగా చేలోకి వచ్చేయడం, ఇవి కూడా మగపిల్ల గుర్తులే. ఒంటరిగా వచ్చిన చిన్న జింకను వదిలెయ్యండి. రెండు మూడు కలిసి వస్తే పక్కపక్కన చూసి పెద్దదాన్ని ఎంచుకోండి.

తల్లిని వేస్తే పిల్ల గతేమిటన్న సందేహం మనవాళ్ళలో చాలామందికి వస్తుంది, రావలసిందే. ఉత్తరాదిన, మిడ్‌వెస్ట్‌లో పిల్లలు మే చివర, జూన్‌లో పుడతాయి. రెండున్నర, మూడు నెలలకల్లా పాలు మానతాయి. అక్టోబరు వచ్చేసరికి చుక్కలు పోయి, సొంతంగా మేసి బతకగలవు. దక్షిణ టెక్సాస్‌లో జత కట్టేది డిసెంబరులో కాబట్టి పిల్లలు జులైలో పుడతాయి. అక్కడ చుక్కల పిల్ల వెంట ఉన్న తల్లిని సీజన్ మొదట్లో వదిలేసి, నవంబరు దాకా ఆగడం మంచిది.

చిన్న మగజింక సంగతి

ఆడజింక, పెద్ద కొమ్ముల మగజింకల తరవాత దీన్ని మేం మూడో స్థానంలో పెడతాం. మొదటి కారణం చట్టం. టెక్సాస్‌లో చాలా కౌంటీల్లో మగజింక కొమ్ముల లోపలి ఎడం 13 అంగుళాలైనా ఉండాలి, లేదా కనీసం ఒక కొమ్ము చీలిక లేకుండా ఉండాలి. అక్కడి జింక చెవులు నిక్కబొడిస్తే కొస నుంచి కొసకి సుమారు 13 అంగుళాలు. కొమ్ములు చెవుల బయటికి రాకపోతే బాణం వదలొద్దు. పెన్సిల్వేనియాలో 2002 నుంచి కొమ్ము పాయింట్ల నియమం ఉంది, రాష్ట్రంలో ఎక్కువ భాగంలో ఒక వైపు మూడు పాయింట్లు కావాలి. మసక వెలుతురులో కొత్త కళ్ళతో అంగుళాలు, పాయింట్లు లెక్కపెట్టడం కన్నా కొమ్ములు లేని జింకను గుర్తుపట్టడం తేలిక.

రెండో కారణం ట్యాగ్, అంటే ఒక్కో జింకకి ఒక్కటి చొప్పున వాడే అనుమతి చీటీ. ఒహాయోలో ఏడాదికి ఒక్క మగజింకే. అక్టోబరు మొదటి వారంలో ఏడాదిన్నర జింక మీద ఆ ట్యాగ్ వాడేస్తే, నవంబరులో మగజింకలు పగలంతా తిరిగే రోజుల్లో వాటిని చూస్తూ కూర్చోవాలి. న్యూజెర్సీలో కొన్ని జోన్లలో తొలి విల్లు సీజన్‌లో ముందు కొమ్ములు లేని జింకను వేస్తేనే మగజింకకి హక్కు. అయినా చిన్న మగజింకే మీ మొదటి జింక అయితే, అది చట్టబద్ధమైతే, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

బాణం తగిలాక

మొదటి జింక నేర్పే చదువులో సగం బాణం వదిలాకే ఉంటుంది. ఆ చదువు లేకుండా పెద్ద జింకని వేస్తే దాన్ని పోగొట్టుకునే అవకాశం ఎక్కువ. ముందు బాణం చూడండి. గులాబీ రంగు నురగ రక్తమైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్ళండి. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు. పచ్చగా, వాసనగా ఉంటే పొట్ట, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. తొందరపడి వెళ్తే పడుకున్న జింక లేచి, రక్తం చుక్క రాల్చకుండా మైలు పోతుంది. బాణం తగిలినప్పుడు జింక ఎక్కడ నిలబడిందో, చివరిసారి ఏ చెట్టు దగ్గర కనిపించిందో స్టాండ్ దిగకముందే గుర్తు పెట్టుకోండి. దిగాక అంతా వేరేలా కనిపిస్తుంది.

మాంసం విషయంలో పోటీయే లేదు. ఆడజింక లేతగా ఉంటుంది. జత కట్టే రోజుల్లో పరుగులు పెట్టిన ముసలి మగజింక గట్టిగా, వాసనగా ఉంటుంది. జింక కొవ్వు మైనంలా అంగిట్లో అంటుకుంటుంది కాబట్టి దాన్నీ, కండ మీది తెల్లటి పొరనీ పూర్తిగా తీసెయ్యాలి. వెన్ను పక్క కండ వేపుడుకి పెద్ద మంట మీద కాసేపు చాలు, ఎక్కువైతే చెక్క అవుతుంది. పిక్కలకి కుక్కర్, తొడ ముక్కలకి కీమా. టెక్సాస్ అక్టోబరు ఎండలో పేగులు తీయడం ఆలస్యమైతే మాంసం పాడవుతుంది, అందుకని కారులో ఐస్ పెట్టెలు ముందే నింపుకుని వెళ్ళాలి.

ఇంకొకటి క్రానిక్ వేస్టింగ్ వ్యాధి, జింకల మెదడుని తినేసి చంపే జబ్బు. 1967లో కొలరాడోలో మొదట కనబడింది, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. ఎంత ఉడికించినా దానికి కారణమైన ప్రియాన్లు (వికటించిన ప్రోటీన్లు) నశించవు. పెద్ద మగజింకల్లో ఇది ఆడజింకల కన్నా ఎక్కువ. ఆ వ్యాధి ఉన్న చోట ఏ జింకనైనా పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లో విడిగా పెట్టండి. వ్యాధి ఉందని తేలితే తినకండి.

ఆగడమే మేలైన చోట్లు

జింకలు పలచగా ఉండి, ఆడజింకల ట్యాగులు ఇవ్వని కౌంటీ అయితే ఆగక తప్పదు. లీజు భూమిలో యజమాని మూడున్నరేళ్ళ లోపు మగజింకని వేయొద్దంటే ఆ మాట పాటించాలి. తుపాకీతో చాలా జింకలు వేసి, ఇప్పుడు విల్లు పట్టినవాళ్ళకి రక్తపు జాడ, కోత పనీ కొత్త కావు, వాళ్ళు కావాలనుకుంటే ఆగొచ్చు. మిగతావాళ్ళు రెండింటినీ కలుపుకోవచ్చు. సీజన్ మొదటి మూడు వారాలు ఆడజింక. అక్టోబరు చివర నుంచి నవంబరు మధ్య దాకా మిడ్‌వెస్ట్‌లో మగజింక, అదీ మీ చోట దొరికే మూడేళ్ళ పైది: మెడ బలిసి, ఛాతీ లోతుగా, నడుముకన్నా ముందుభాగం బరువుగా కనిపించేది. చిన్న మగజింకలు వస్తే బాణం ఎక్కుపెట్టకుండా లాగే క్షణం ఎప్పుడొచ్చిందో చూసి పెట్టుకోండి. డిసెంబరులో ట్యాగ్ మిగిలితే మళ్ళీ ఆడజింకే, కాకపోతే చలికి మందపాటి జాకెట్టు వేసుకుంటారు కాబట్టి వింటి తాడు ముంజేతి దగ్గర బట్టకి తగలకుండా ఆర్మ్ గార్డు కట్టుకుని మరీ ఎక్కండి.