లోకల్ గైడ్ అని నమ్మి కొన్నాను, మీరు మోసపోకండి

కొత్త ఊరికి బయల్దేరే ముందు “టూరిస్టులకు తెలియని వింత చోట్లు, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి చెప్పినవి” అంటూ పీడీఎఫ్ గైడ్ ప్రకటన కనిపిస్తే, డబ్బు కట్టే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. నాకు పోయింది డబ్బొక్కటే అయితే ఊరుకునేదాన్ని. నాన్నతో గడపాల్సిన రెండు రోజులు పోయాయి. పైగా ఎవరో తెలియని ఒకావిడ గుమ్మం ముందు తల దించుకుని నిలబడాల్సొచ్చింది. ఆ బాధ ఇంకా పోలేదు.

అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ పెట్టడం లేదు. వెళ్ళిన నగరం పేరు కూడా కావాలనే రాయడం లేదు. రాస్తే “అది ఆ ఊరి గైడ్ కదా, మేం వెళ్ళేది వేరే చోటికి” అనుకుంటారు. అదే అమ్మకందారు పేజీలో 40కి పైగా నగరాల గైడ్లున్నాయి. అన్నిటికీ ఒకటే అట్ట, ఒకటే పరిచయం, ఊరి పేరొక్కటే మార్పు. అన్నిటి మీదా “ఇక్కడే పుట్టి పెరిగాను” అనే ఉంది. కొనే రోజున నేను ఆ పేజీ కిందిదాకా చూడలేదు. మీరు చూడండి.

నేను కొనడానికి కారణం ఒక్క పేజీ. నాన్నకు గడియారాలంటే ప్రాణం. పాడైపోయిన గోడ గడియారం ఎక్కడ కనిపించినా తెచ్చుకుని, విప్పి, ఒక్కో పన్నుచక్రాన్నీ తుడిచి, మళ్ళీ నడిపించేదాకా నిద్రపోరు. ప్రకటనలో నమూనాగా చూపించిన పేజీలో సరిగ్గా అదే ఉంది: పాత పేటలో ఒక సందు, ఆకుపచ్చ తలుపు, లోపల మూడు తరాలుగా నడుస్తున్న గడియారాల వర్క్‌షాప్. ఆదివారం పొద్దున మాత్రమే తెరుస్తారట. “బెల్ మూడుసార్లు కొట్టండి, పెద్దాయనే వచ్చి తలుపు తీస్తారు” అని రాశారు. ఆ “మూడుసార్లు” అన్న మాట చూసి నమ్మేశాను. వెళ్ళి చూడని మనిషి అంత వివరంగా ఎలా రాస్తాడు అనుకున్నాను.

ఆదివారం వెళ్ళాం. నాన్నకు మోకాళ్ళ నొప్పి. ఆ సందుకు వెళ్ళాలంటే నిటారుగా రాతి మెట్లు ఎక్కాలి. గైడ్‌లో మెట్ల ఊసే లేదు. మధ్యలో రెండుసార్లు కూర్చుని, మెల్లగా పైకి చేరారు. ఆకుపచ్చ తలుపు నిజంగానే ఉంది. నేను సంబరంగా బెల్ మూడుసార్లు కొట్టాను. కొట్టాక నాన్న నా భుజం తట్టి బెల్ పక్కన చూపించారు. ప్లాస్టిక్ కవరులో పెట్టి నాలుగు మూలలా టేపు వేసిన కాగితం. వానకు తడిసి అక్షరాలు అలుక్కుపోతే వాటి మీదే మళ్ళీ పెన్నుతో దిద్దారు. “ఇది ఇల్లు. ఇక్కడ గడియారాలు లేవు. దయచేసి బెల్ కొట్టకండి.” కింద అదే మాట ఇంకో రెండు భాషల్లో.

అప్పటికే లోపల పసిబిడ్డ ఏడుపు మొదలైంది. బిడ్డను భుజాన వేసుకుని ఒకావిడ తలుపు తీసింది. అరవలేదు, అరిచినా బాగుండేది. చాలా నెమ్మదిగా, “మీరూ ఆ గైడ్ చూసే వచ్చారా?” అని ఇంగ్లీషులో అడిగింది. ఆరేళ్ళుగా అదే ఇంట్లో ఉంటోందట. ఆ వీధిలో గడియారాల పని చేసేవాళ్ళు ఎవరూ లేరట. ప్రతి ఆదివారం పొద్దున ఎవరో ఒకరు వస్తారు, మూడుసార్లు కొడతారు. నాన్న “క్షమించు తల్లీ” అన్నారు తెలుగులోనే. భాష తెలియకపోయినా ఆవిడకు అర్థమైంది, తల ఊపింది. దిగేటప్పుడు నాన్న ఒక్క మాటా అనలేదు. కిందికొచ్చాక మాత్రం, “ఆ కాగితం మన తర్వాత వచ్చేవాళ్ళకు కనిపించేలా బెల్ పైనే అంటించమని చెప్పాల్సింది” అన్నారు.

మిగతా గైడ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అందులో రాసిన మేడ మీది రహస్య తోట ఒక ఆఫీసుది. ఉద్యోగుల గుర్తింపు కార్డు లేకుండా లిఫ్ట్ దాటనివ్వరు. పాత అచ్చుయంత్రాల మ్యూజియం ఎన్నో ఏళ్ళ కింద మూతపడిందని పక్క దుకాణంలో చెప్పారు. 27వ పేజీలో “సాయంత్రం సముద్రపు గాలి పీలుస్తూ ఒడ్డున నడవండి” అని ఉంది. ఆ నగరానికి సముద్రం లేదు. ఆ వాక్యం వేరే ఊరి గైడ్ నుంచి యథాతథంగా వచ్చి పడింది. హోటల్ గదిలో ఆ పేజీ చదువుతుంటే నాకు మొత్తం అర్థమైంది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2023 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఇలాంటి ట్రావెల్ గైడ్ల మీద పెద్ద కథనం వేసింది. కృత్రిమ మేధతో రాయించి, ఉన్నాడో లేడో తెలియని రచయిత పేరు పెట్టి, దొంగ రివ్యూలతో పైకి లేపి అమెజాన్‌లో అమ్ముతున్నారని బయటపెట్టింది. తర్వాతి నెలలోనే అమెజాన్, సొంతంగా ప్రచురించుకునేవాళ్ళు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదని పరిమితి పెట్టింది. రోజుకు మూడు అన్నదే పరిమితి అయిందంటే అంతకు ముందు ఏ వేగంతో వచ్చి పడుతుండేవో ఆలోచించండి. కృత్రిమ మేధ వాడారో లేదో తనకు తెలియజేయాలని కూడా నిబంధన తెచ్చింది. కానీ ఆ సమాచారం కొనేవాళ్ళకు చూపించాలన్న షరతు అప్పుడు పెట్టలేదు. టైమ్స్ కథనం వచ్చిన ఆ ఆగస్టులోనే మైక్రోసాఫ్ట్ ట్రావెల్ పేజీలో కెనడా రాజధాని ఒట్టావాలో చూడాల్సిన చోట్ల జాబితా వచ్చింది. అందులో ఆ ఊరి ఫుడ్ బ్యాంకు ఉంది, తిండికి ఇబ్బంది పడే కుటుంబాలకు సాయం చేసే సంస్థ అది. దానికి ఖాళీ కడుపుతో వెళ్ళమని సలహా కూడా ఇచ్చారు. గొడవయ్యాక తీసేశారు.

మామూలు గైడ్ల కంటే ఈ “వింత చోట్లు, రహస్య చోట్లు” గైడ్లలోనే మోసం ఎందుకు సులువో చెప్తాను, నాకు ఇది ఆలస్యంగా తట్టింది. ఐఫిల్ టవర్ గురించి తప్పు రాస్తే ఐదు నిమిషాల్లో దొరికిపోతారు. ఎవరికీ తెలియని చోటు అన్నప్పుడు మనం వెతుకుతాం, ఏమీ దొరకదు. దొరకకపోతే అనుమానం రావాలి కదా, రాదు. “నిజంగానే రహస్యంగా ఉంచారే” అని ఇంకా ముచ్చటపడతాం. ఆ గడియారాల వర్క్‌షాప్ పేరు కొట్టి చూస్తే ఒక్క ఫోటో కూడా రాలేదు. దాన్నే నేను గొప్పగా నాన్నకు చెప్పాను.

ఇంకో సంగతి. చోటు నిజంగా ఉన్నా, రాసినవాడికి ఆ ఊరు తెలియకపోతే మనం చిక్కుల్లో పడొచ్చు. పారిస్ నేల కింద పాత రాతి గనుల సొరంగాలు దాదాపు 300 కిలోమీటర్లున్నాయి. వాటిలో టికెట్టు కొని చూడగలిగేది, మనుషుల ఎముకలు పేర్చిన దారి, కిలోమీటరున్నర మాత్రమే. మిగతా సొరంగాల్లోకి దిగడం 1955 నుంచీ నిషేధం. “రహస్య దారి” అని ఎవరో రాసింది నమ్మి దిగితే జరిమానా ఒక ఎత్తు, లోపల దారి తప్పడం ఇంకో ఎత్తు. జపాన్‌లో క్యోటో నగరంలోని గియోన్ పేటలో సందర్శకులు గీషాల (సంప్రదాయ నాట్య, సంగీత కళాకారిణుల) వెంటపడి ఫోటోలు తీస్తుంటే విసిగిపోయి, ప్రైవేటు సందుల్లోకి రావద్దని 2024లో బోర్డులు పెట్టారు. అతిక్రమిస్తే 10,000 యెన్‌ల జరిమానా. పారిస్‌లోనే రంగురంగుల ఇళ్ళున్న రూ క్రెమ్యూ వీధివాళ్ళు ఫోటోల కోసం వచ్చే జనాన్ని భరించలేక, సాయంత్రాలూ వారాంతాలూ గేట్లు వేయించమని 2019లో నగర పాలకులను అడిగారు. చెక్ దేశంలో మనుషుల ఎముకలతో అలంకరించిన సెడ్లెత్స్ చర్చిలో 2020 నుంచి ముందుగా అనుమతి తీసుకోకుండా ఫోటోలు తీయనివ్వరు. ఊళ్ళో ఉండే మనిషి రాస్తే ముందు ఇవే చెప్తాడు. మర్నాడు పొరుగువాళ్ళ మొహం చూడాల్సింది ఆయనే కదా.

కాబట్టి కొనే ముందు నమూనా పేజీలో “వద్దు” అన్న మాట ఉందా అని చూడండి. “సోమవారం మూసి ఉంటుంది”, “మెట్లెక్కాలి, లిఫ్ట్ లేదు”, “ముందు మెయిల్ చెయ్యకపోతే వెనక్కి పంపేస్తారు”, “పిల్లలతో వెళ్ళకండి” లాంటివి. వెళ్ళొచ్చినవాళ్ళకు చోటు ఎంత గుర్తుంటుందో అక్కడ పడ్డ ఇబ్బందీ అంతే గుర్తుంటుంది. నేను కొన్నదాంట్లో మొదటి పేజీ నుంచి చివరిదాకా ప్రతి చోటూ “మనసు దోచేది”, “మాటల్లో చెప్పలేనిది”. ఒక్కచోటైనా కాళ్ళు నొప్పి పుట్టలేదు, ఒక్కచోటైనా తలుపు మూసి లేదు. “బెల్ మూడుసార్లు” లాంటి ముచ్చటైన వివరాలకు పడిపోకండి, కల్పించడానికి అవే సులువు.

నమూనాలోంచి ఒక వాక్యం తీసి, ఊరి పేరు తీసేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. వేరే నగరం గైడ్‌లో అదే వాక్యం కనిపిస్తే ఇక చూడక్కర్లేదు. ఫోటోను ఇమేజ్ సెర్చ్‌లో వెయ్యండి. అడ్రసు ఉంటే గూగుల్ మ్యాప్స్‌లో వీధి ఫోటోలు చూపించే స్ట్రీట్ వ్యూలో పాత తేదీల చిత్రాలు కూడా చూడండి, ఆ సదుపాయం 2014 నుంచీ ఉంది. నేను తిరిగొచ్చాక చూశాను. అందుబాటులో ఉన్న ప్రతి ఏడాది చిత్రంలోనూ ఆ ఆకుపచ్చ తలుపు మామూలు ఇంటి తలుపే. రెండు నిమిషాల పని.

రివ్యూలను చూసి ధైర్యం తెచ్చుకోకండి. 2017లో లండన్‌లో ఒకాయన తన పెరట్లోని షెడ్డును రెస్టారెంటుగా నమోదు చేసి, స్నేహితులతో రివ్యూలు రాయించి, ప్రయాణికుల రివ్యూల సైటు ట్రిప్‌అడ్వైజర్‌లో ఆ నగరంలోనే మొదటి స్థానానికి తెచ్చాడు. అలాంటి రెస్టారెంటే లేదు. దొంగ రివ్యూలు అమ్మడం, కొనడం నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నిబంధన 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. అయినా మన కళ్ళు మనమే తెరుచుకోవాలి. ఐదు నక్షత్రాలు వదిలేసి రెండు, మూడు నక్షత్రాలవి చదవండి. “వెళ్ళాం, లేదు” అన్న మాట అక్కడే దొరుకుతుంది.

ఇప్పటికే కొనేశారా? అయితే ప్రకటన పేజీని ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన మూడో రోజుకే “ప్రతి చోటికీ మేమే వెళ్ళి చూశాం” అన్న వాక్యాన్ని వాళ్ళు తీసేశారు. అదృష్టం, నా ఫోన్లో ఉంది. అమ్మినవాళ్ళు “చోట్లు మారుతుంటాయి, వాపసు ఇవ్వం” అని ఒకే సమాధానం రెండుసార్లు పంపారు. అప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకులో, చెప్పింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అని డిస్ప్యూట్ వేశాను, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు చేశాను. స్క్రీన్‌షాట్, 27వ పేజీ, బెల్ పక్కనున్న కాగితం ఫోటో జతచేశాను. ఏడు వారాలు పట్టింది, డబ్బు మొత్తం వచ్చింది. డిస్ప్యూట్‌కు గడువుంటుంది, తాత్సారం చెయ్యకండి.

ఊరివాళ్ళతో ఊరు చూడాలన్న కోరిక తప్పు కాదు, దాన్ని వదులుకోమని నేను అనను. నిజమైన దారులున్నాయి, చాలావాటికి డబ్బు కూడా అక్కర్లేదు. గ్రీటర్స్ అని ఒక ప్రపంచవ్యాప్త బృందం ఉంది, 1992లో న్యూయార్క్‌లో మొదలైంది. ఆ ఊళ్ళో ఉండే మామూలు మనుషులే స్వచ్ఛందంగా వచ్చి మనల్ని తమ పేటలో తిప్పుతారు, టిప్పు కూడా పుచ్చుకోరు. మనకు దేని మీద ఇష్టమో ముందే రాసి పంపొచ్చు. లండన్‌లో 1992లో మొదలైన ఓపెన్ హౌస్ పండగ ఇప్పుడు ఎన్నో నగరాల్లో జరుగుతోంది, మామూలు రోజుల్లో లోపలికి రానివ్వని భవనాలను ఆ రోజుల్లో తెరిచి చూపిస్తారు. మేడ మీది తోటలు, పాత యంత్రశాలలు, గడియార స్తంభాల లోపలి భాగం లాంటివి చూడాలంటే అవే సరైన రోజులు. కెనడాలోని టొరంటోలో 2007లో, నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ జ్ఞాపకార్థం మొదలైన జేన్స్ వాక్ ఏటా మే మొదట్లో చాలా ఊళ్ళలో ఉంటుంది. వీధిలో ఉండేవాళ్ళే తమ వీధి కథ చెప్తూ నడిపిస్తారు. పుస్తకమే కావాలంటే రచయిత పేరు, ప్రచురణ సంస్థ, ముద్రణ సంవత్సరం మూడూ స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. ఆ రచయిత ఆ ఊరి గురించి ఇంకెక్కడైనా రాశారేమో చూడండి. నేను కొన్నదాని రచయిత పేరు ఆ గైడ్ల బయట ఎక్కడా లేదు.

వచ్చే ప్రయాణానికి గ్రీటర్స్‌కి ఇప్పటికే రాశాను. “ఇష్టాలు” అన్న చోట నాన్నే దగ్గర కూర్చుని “గోడ గడియారాలు, గుళ్ళూ చర్చిల గడియారాలు కూడా, మెట్లు తక్కువగా ఉంటే మంచిది” అని రాయించారు.

చివరగా, ఇది త్వరగా పదిమందికీ తెలియడం అవసరం. నిన్న అదే గైడ్ కొత్త అట్టతో, కొత్త రచయిత పేరుతో మళ్ళీ ప్రకటనల్లో కనిపించింది. నమూనాగా ఇంకో పేజీ పెట్టారు, గడియారాల వర్క్‌షాప్ పేజీ ఇప్పుడు లోపల ఉంది. ఎవరైనా పొరపాటున కొని ఉంటే 27వ పేజీ తెరిచి “సముద్రపు గాలి పీలుస్తూ” అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే అది ఇదే. ఆ ఆకుపచ్చ తలుపు దగ్గరికి మాత్రం వెళ్ళకండి, లోపల పసిబిడ్డ నిద్రపోతుంటుంది.