చికెన్ రుచి ఎంజైమ్ పేస్ట్, దానితోపాటు కొన్న మిగతా సరంజామా: కుక్క పళ్లు తోమేవాళ్ల కోసం ఒక రివ్యూ

కుక్కకి పళ్లు తోమడమేంటి అని నవ్వేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు, నవ్వనివ్వండి. మొహం మీదకొచ్చి ఆవలించినప్పుడు గుప్పుమనే ఆ కంపు "కుక్కలంటే అంతేలే" అని సరిపెట్టుకునేది కాదు, ఎక్కువ సార్లు అది పళ్లకి పాచి పేరుకుని చిగుళ్లు పాడవుతున్నాయని చెప్పే లక్షణం. మావాడి కోసం ఎంజైమ్ పేస్ట్, ఫింగర్ బ్రష్, మామూలు బ్రష్, నమిలే డెంటల్ స్టిక్స్, పళ్లు తుడిచే వైప్స్, నీళ్లలో కలిపే మందు అన్నీ వాడి చూశాను. డబ్బు పెట్టాల్సింది పేస్ట్ మీద, బ్రష్ మీద. మిగతావి ఉంటే మంచిదే, లేకపోయినా పెద్దగా పోయేదేం లేదు.

ముందు పేస్ట్ సంగతి. ఈ రకంలో బాగా తెలిసిన పేరు వర్బాక్ వాళ్ల సీఈటీ, వేరే కంపెనీలవి కూడా దొరుకుతాయి. వెనక రాసిన పదార్థాలు చదివితే గ్లూకోజ్ ఆక్సిడేజ్, లాక్టోపెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైములు, వాటి పక్కనే డెక్స్‌ట్రోజ్ కనిపిస్తాయి. పళ్ల పేస్ట్‌లో చక్కెరేంట్రా బాబూ అనిపిస్తుంది గానీ అది అక్కడ ఉన్నది మొదటి ఎంజైమ్ కోసం. ఆ చక్కెర నుంచి అది కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తే, రెండోది దాన్ని వాడుకుని బ్యాక్టీరియాని అణిచే పదార్థాన్ని తయారుచేస్తుంది. పాలలో, లాలాజలంలో సహజంగా జరిగేది కూడా దాదాపు ఇదే.

అయితే నేను ఈ పేస్ట్‌కి మార్కులు వేసేది ఎంజైములు చూసి కాదు, రుచి చూసి. పాచిని తీసేది బ్రష్ రాపిడే, పేస్ట్ ఉండేది ఆ రాపిడికి కుక్క ఒప్పుకోవడానికి. ఒక రకంగా లంచం అనుకోండి. మూత తీసిన చప్పుడు వినపడితే చాలు మావాడు ఎక్కడున్నా లేచొచ్చి ఎదురుగా కూర్చుంటాడు, పుదీనా వాసన వేసేదేదైనా తెస్తే మాత్రం మంచం కిందకి దూరతాడు. ఇంక లోపాలంటారా, చికెన్ రుచి పేస్టులన్నిటికీ ఒక వాసన ఉంటుంది, చేతికి అంటుకుంటే సబ్బుతో రెండుసార్లు కడిగినా కాసేపు పోదు. బ్రష్ పైపైన పెడితే తోమేలోపే నాకేస్తారు, కాబట్టి వేలితో కుచ్చులోపలికి అదిమి పెట్టాలి. చికెన్ పడని కుక్కలకి ఈ రుచి వద్దు, వేరే రుచులున్నాయి.

మనం వాడే పేస్ట్ మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు. కుక్కకి ఉమ్మడం రాదు, మింగేస్తుంది. ఫ్లోరైడ్, నురగ వచ్చే పదార్థాలు కడుపులోకి పోవడం ఒక ఎత్తయితే, కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ ఇంకో ఎత్తు. అది కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ని ఒక్కసారిగా పెంచి షుగర్ పడిపోయేలా చేస్తుంది, మోతాదు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. కుక్కల పేస్టుల్లో సార్బిటాల్ కనిపిస్తే కంగారు పడకండి, పేర్లు ఒకలా ఉన్నాయి గానీ అది ఆ విషం కాదు. వంటసోడాతో తోమమని చెప్పేవాళ్లూ ఉన్నారు. అందులో సోడియం ఎక్కువ, పైగా ఆ రుచి చూసిన కుక్క మళ్లీ నోరు చూపించదు.

ఫింగర్ బ్రష్ అంటే వేలికి తొడుక్కునే మెత్తటి సిలికాన్ తొడుగు. మొదటి రోజుల్లో బాగా పనికొస్తుంది, నోట్లో వేలు ఉండటం కుక్కకి అలవాటవుతుంది, మనకీ భయం పోతుంది. అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ బుడిపెలు మొద్దుగా ఉంటాయి, చిగురు అంచు దగ్గర సందులోకి వెళ్లవు, పాచి చేరేదేమో సరిగ్గా అక్కడే. వదులుగా ఉంటే వేలి నుంచి జారి గొంతులోకి పోయే ప్రమాదం కూడా ఉంది, కొరికే అలవాటున్న కుక్కకైతే అసలు వద్దు. రెండు చివర్లా బ్రష్ ఉండే పొడుగు పిడివి పెద్ద కుక్కలకి బాగుంటాయి. చిన్న మూతి కుక్కలకి నాకు నచ్చింది చిన్నపిల్లల మెత్తటి బ్రష్, దాన్ని మించింది లేదు.

ఎదిగిన కుక్కకి 42 పళ్లుంటాయి, వినగానే అన్నీ ఎవడు తోముతాడు అనిపిస్తుంది. అన్నీ అన్నివైపులా అక్కర్లేదు. లోపలివైపు నాలుక కొంత చూసుకుంటుంది, పాచి ఎక్కువగా పట్టేది బుగ్గవైపు. కాబట్టి నోరు తెరిపించే పనే లేదు, మూతి మూసే ఉంచి పెదవి పైకెత్తి, బ్రష్‌ని చిగురువైపు 45 డిగ్రీలు వంచి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తోమితే చాలు. ముందు పళ్లు తెల్లగా కనిపిస్తే మనకి తృప్తిగా ఉంటుంది గానీ అసలు పనంతా పై దవడలో, వెనకవైపున్న పెద్ద పన్ను దగ్గర. లాలాజలం నోట్లోకి వచ్చే ఒక ముఖ్యమైన రంధ్రం దానికి ఎదురుగానే ఉంటుంది, గార ముందు అక్కడే కడుతుంది. టైమ్ లేని రోజు రెండు పక్కలా ఉన్న ఆ పెద్ద పళ్లు, కోరపళ్లు తోమి వదిలేసినా ఎంతో కొంత నయం.

ఒక్కసారిగా బ్రష్ తీసి నోట్లో పెట్టకండి. కొన్ని రోజులు పేస్ట్ వేలితో నాకించడం, తర్వాత పెదవి ఎత్తి చూసి మెచ్చుకోవడం, తర్వాత ఒకటి రెండు పళ్ల మీద బ్రష్ ఆనించడం. కుక్క తల తిప్పేస్తే అక్కడితో ఆపేయాలి, పట్టుకుని కుస్తీ పట్టారంటే మర్నాడు బ్రష్ చూస్తేనే పారిపోతుంది. ఇంకోటి, రోజూ చేయాలి. పాచి రెండు మూడు రోజుల్లోనే లాలాజలంలోని లవణాలతో గట్టిపడి గార అయిపోతుంది, అయ్యాక ఏ బ్రష్షూ దాన్ని కదపలేదు. వారానికోసారి ఆదివారం శ్రద్ధగా పావుగంట తోమేకంటే రోజూ ఒక్క నిమిషం హడావిడిగా తోమడమే మేలు.

డెంటల్ స్టిక్స్‌కి నేనిచ్చేది పాస్ మార్కులు. నమిలితే రాపిడికి కొంత పాచి పోతుంది, అది నిజం. నమలకుండా రెండు ముక్కలు చేసి మింగే కుక్కకి అది వట్టి చిరుతిండి. ప్యాకెట్ మీద 'డెంటల్' అని ఎవరైనా రాసుకోవచ్చు కాబట్టి వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర, అంటే వీఓహెచ్‌సీ ముద్ర ఉందో లేదో చూడండి. 1997లో మొదలైన ఈ కౌన్సిల్, కంపెనీలు పంపిన పరీక్షల వివరాలు చూసి పాచికా, గారకా, దేనికి పనిచేస్తుందో చెప్పి ముద్ర ఇస్తుంది. బరువుని బట్టి సైజు తీసుకోండి, అందులోని కేలరీలు రోజు తిండిలోంచి తగ్గించండి, లేకపోతే పళ్లు బాగుపడి ఒళ్లు పెరుగుతుంది. జింక కొమ్ములు, గిట్టలు, ఎముకలు పళ్లకి మంచివని అమ్మేవాళ్ల మాట మాత్రం వినకండి. బొటనవేలి గోరుతో నొక్కితే కాస్తయినా గాటు పడనిది ఏదైనా కుక్క పంటికి ఎక్కువ గట్టిదే. విరిగేది కూడా ఎక్కువగా నేను చెప్పిన ఆ వెనక పెద్ద పన్నే.

నీళ్లలో కలిపే మందుతో వాసన కొంచెం తగ్గినట్టే అనిపించింది, పళ్ల మీద తేడా మాత్రం నాకు కనపడలేదు. మావాడు గిన్నె వాసన చూసి పక్కకెళ్లిపోయేవాడు, నీళ్లు తాగడం తగ్గుతుందన్న టెన్షన్‌తో మానేశాను. వైప్స్ బ్రష్‌కి ససేమిరా ఒప్పుకోని కుక్కలకి పర్లేదు.

ఇవన్నీ కొనేముందు ఒకసారి పెదవి ఎత్తి చూడండి. గోధుమరంగు గార గట్టిగా పట్టి ఉన్నా, చిగుళ్లు ఎర్రగా ఉబ్బి రక్తం వస్తున్నా, ఒకవైపే నములుతున్నా, పన్ను కదులుతున్నా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. నొప్పిగా ఉన్న చిగుళ్ల మీద బ్రష్ పెడితే కుక్క ఇంక జన్మలో దగ్గరికి రానివ్వదు. మత్తు ఇచ్చి స్కేలింగ్, అంటే గార గీకి తీయడం, చేస్తామంటే చాలామంది భయపడి, మత్తు లేకుండా గీకేవాళ్ల దగ్గరికి వెళ్తుంటారు. అలా చేస్తే పైకి తెల్లగా కనిపిస్తుంది, జబ్బు ఉండేది చిగురు కింద, మెలకువగా ఉన్న కుక్కకి అక్కడ శుభ్రం చేయడం కుదరదు. పళ్లు శుభ్రంగా ఉన్నా కంపు పోకపోతే కిడ్నీ, షుగర్ లాంటివి కూడా చూపించుకోవాలి.

ఇంట్లో పిల్లి కూడా ఉన్నవాళ్లకి: సీఈటీ లాంటివి పిల్లులకి కూడా పనికొస్తాయి, బ్రష్ మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. పిల్లి ఒప్పుకుంటుందా అంటే, ఆ రివ్యూ రాసే ధైర్యం నాకింకా రాలేదు.