ఒకే నీళ్ళు, మూడు రేవులు: ఇద్దరం చేసిన బోటు షికార్ల సమీక్ష

ముందే తేల్చి చెప్తా. భార్యాభర్తలు ఇద్దరే, తొందర లేకుండా, మోటారు బోటులో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పోతూ సెలవు గడపాలంటే కర్నూలు వాళ్ళు గోవా దాకా పోనక్కర్లేదు. శ్రీశైలం జలాశయం, అవుకు, గండికోట, ఈ మూడు చాలు. కాకపోతే ఇక్కడ మెరీనాలు, అంటే అన్ని వసతులతో బోట్లు కట్టేసుకునే రేవులు, ఉండవు. బోటు పక్కనే కరెంటు ప్లగ్గు, మంచినీళ్ళ పైపు, తేలే చెక్క ప్లాట్‌ఫారం లాంటివి విదేశాల వీడియోల్లోనే చూడాలి. మన రేవంటే నాలుగు మెట్లు, కాస్త బురద, తాడు కట్టడానికి ఒక గుంజ. ఈ సంగతి మనసుకు ఎక్కించుకుని పోతే నిరాశ ఉండదు.

జిల్లా విడిపోయి శ్రీశైలం, అవుకు 2022లో నంద్యాల కిందికి పోయాయి. గండికోట ఎప్పటినుంచో కడప జిల్లా. కాయితాల మీద ఎవరిదైతేనేం, కర్నూలు నుంచి పొద్దున్నే కారు తీస్తే మూడింటికీ పోగలం. ఏళ్ళ తరబడి సీజన్ వచ్చిందంటే మేం చేస్తున్నది ఇదే.

మూడింటినీ కలిపి రాయడానికి కారణముంది. శ్రీశైలం జలాశయం నీళ్ళు పోతిరెడ్డిపాడు గేట్ల గుండా బయటికొచ్చి, బానకచర్ల దగ్గర చీలి, గోరుకల్లు మీదుగా అవుకు చేరతాయి. అవుకు దగ్గర కొండను తొలిచిన సొరంగంలోంచి గాలేరు-నగరి వరద కాలువలో పడి గండికోటకు పోతాయి. అంటే శ్రీశైలంలో మన బోటు కింద ఉన్న కృష్ణే అవుకులోనూ ఎదురొస్తుంది, గండికోటకు పోయాక పెన్నతో కలుస్తుంది. నీళ్ళకు దారి ఉంది గానీ బోటుకు లేదు, మధ్యలో మనకు కారే గతి. ఒకప్పుడు ఈ సీమలో పడవ దారి కూడా ఉండేది. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువను సేద్యానికే కాదు, పడవల రాకపోకలకూ కట్టారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో సర్కారు కొనేసింది. కేసీ కాలువ గట్టు మీద నడుస్తుంటే ఇప్పుడు పడవ కనబడదు, వరినాట్లే కనబడతాయి. ఆ పడవలు ఇంకా నడుస్తుంటే ఈ సమీక్ష వేరేలా ఉండేదని మా ఆవిడతో చాలాసార్లు అన్నాను. “ఉంటే అందులోనూ లైఫ్ జాకెట్ చిరిగే ఉంటుందిలే” అంటుంది తను.

ఇక అసలు విషయం. బోటు ఏది, ఇంజన్ ఎంత అనే లెక్కల కంటే ముందు చూడాల్సింది డ్యాం నీటిమట్టం. సముద్రంలో ఆటుపోట్లు ఎలాగో ఇక్కడ లెవెల్ అలాగ. కాకపోతే సముద్రం రోజుకు రెండుసార్లు మారుతుంది, శ్రీశైలం ఏడాదికి ఒకసారి నిండి మెల్లగా దిగుతుంది. పూర్తి మట్టం 885 అడుగులు. పేపర్ జిల్లా పేజీలో రోజూ ఆ అంకె వేస్తారు. మేం ఏ రేవుకు పోవాలో ఆ అంకె చూసే తేల్చుకుంటాం.

880 పైన ఉంటే సంగమేశ్వరం వైపు కళ్ళు చెదిరేంత నీళ్ళు. ఆత్మకూరు, కొత్తపల్లి మీదుగా పోయి ఒడ్డున నిలబడితే కృష్ణ మైదానంలా పరుచుకుని ఉంటుంది. సప్తనదీ సంగమం అని మనవాళ్ళు చెప్పుకునే చోటు అదే. వేప మొద్దు శివలింగం ఉన్న గుడి అడుగున ఎక్కడో ఉంటుంది, మన బోటు దాని మీదుగా పోతుంది. మొదటిసారి ఇంజన్ ఆపి “సామి మన కిందనే ఉన్నాడు సార్” అని బోటతను చెప్పినప్పుడు మా ఆవిడ చెప్పులు విడిచి కూర్చుంది. మట్టం 840 దరిదాపులకు దిగాక గోపురం తల పైకి తేలుతుంది. ఇంకా దిగితే గుడికి నడిచే పోవచ్చు. అప్పుడిక బోటు షికారు కాదు, తీర్థయాత్ర. రెండూ బాగుంటాయి, ఒక్క ప్రయాణంలో మాత్రం రెండూ దొరకవు.

మాకు బాగా నచ్చింది సంగమేశ్వరం నుంచి సిద్ధేశ్వరం కొండల్లోకి పోయే దారి. విశాలంగా ఉన్న నది కొండల మధ్యకు రాగానే ఇరుకవుతుంది, ఇంజన్ చప్పుడు రెండు గట్లకూ తగిలి వెనక్కొస్తుంది. అవతలి ఒడ్డు తెలంగాణ, సోమశిల. అక్కడ దిగి వేడి చేపల వేపుడు తిని, గుళ్ళు చూసుకుని, తీరుబడిగా తిరిగి రావడం మా మామూలు కార్యక్రమం. ఈ రెండు ఒడ్లకూ వంతెన వస్తోందని చాన్నాళ్ళుగా వింటున్నాం. వస్తే ఊళ్ళవాళ్ళకు నిజంగా మేలు. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. మనకు షికారు గానీ వాళ్ళకది అవసరం. ఎక్కువ మందిని ఎక్కించిన బోటు మేం ఎక్కం, డబ్బులు పోయినా సరే.

కింద శ్రీశైలం వైపు సంగతి వేరు. పాతాళగంగ దగ్గర రోప్‌వే దిగి బోటెక్కడం హాయిగా ఉంటుంది. మట్టం తగ్గితే అదే పాతాళగంగ మోకాళ్ళను పరీక్షిస్తుంది, నీళ్ళు దిగేకొద్దీ మెట్లు పెరుగుతాయి మరి. అక్కడినుంచి అక్కమహాదేవి గుహల దాకా పోయే బోటు ప్రయాణం ఒక్కటి చేస్తే నల్లమలను నీళ్ళ మీంచి చూసినట్టే. రోడ్డు మీద దోర్నాల ఘాట్‌లో చూసే అడవి వేరు. ఒడ్డున మొసలి ఎండ కాగుతూ కనిపించవచ్చు. చెయ్యి నీళ్ళలో ఆడించే సరదా మానుకోండి. గేట్లు ఎత్తిన రోజుల్లో బోట్లు ఆపేస్తారు, వాదించి లాభం లేదు. దోర్నాల అడవి దారి రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తెరుస్తారు కాబట్టి తిరుగు ప్రయాణం ఆ లెక్కలో వేసుకోవాలి.

బోట్ల గురించి. చేపలవాళ్ళ ఫైబర్ బోటుకు వెనక బయటివైపు అవుట్‌బోర్డ్ ఇంజన్ తగిలించి నడిపేవి ఉంటాయి, పైకప్పున్న పెద్ద టూరిస్టు బోట్లూ ఉంటాయి. స్పీడ్ బోటు మాకు పడదు. పది నిమిషాలు వెంట్రుకలు చెదరగొట్టి దింపేస్తారు, మాట్లాడుకోవడానికి ఉండదు. పెద్ద బోటులో నీడ ఉంటుంది, కాకపోతే జనం నిండేదాకా కదలదు. పైగా సినిమా పాటలు. ఇద్దరం తీరుబడిగా పోవాలంటే చిన్న బోటు మొత్తం మాట్లాడుకోవడమే మంచిది. గంటకు ఎంతో, ఎక్కడ ఆపాలో, తిరిగి ఎప్పుడు దించాలో ఎక్కకముందే తేల్చుకోవాలి. అనుమతి లేని బోటు ఎంత చౌకగా వస్తానన్నా వద్దు.

ఎక్కేముందు నేను చూసేవి కొన్ని ఉన్నాయి. ఇంజన్ స్టార్ట్ చేయగానే దాని వెనక నుంచి సన్నటి నీటి ధార చిమ్మాలి. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళు అవే. ధార రాకపోతే చెత్త పట్టిందనో, లోపలి పంపు పోయిందనో అర్థం. అలాగే నడిపితే నది మధ్యలో ఇంజన్ పట్టేస్తుంది. రెండోది, నడిపేవాడి చేతికో బెల్టుకో తగిలించుకునే ఎర్ర తాడు. మనిషి జారి పడితే ఆ తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. చాలామంది దాన్ని ఇంజన్‌కే చుట్టేసి వదిలేస్తారు. “తాడు తగిలించుకో తమ్ముడూ” అని నేను అడిగితే నవ్విన కుర్రాళ్ళున్నారు. మరుసటి ఏడు అడక్కుండానే తగిలించుకున్నవాడూ ఉన్నాడు. పెట్రోలు విషయంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది చేతిలో. జలాశయంలో మునిగిపోయిన చెట్ల మోళ్ళు ఉంటాయి గనక మట్టం తగ్గే రోజుల్లో ఒడ్డు దగ్గర ఇంజన్ నెమ్మదించే బోటతనే మంచి బోటతను.

లైఫ్ జాకెట్ల దగ్గర మాత్రం రాజీ లేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు ప్రమాదం తర్వాత రాష్ట్రమంతటా టూరిస్టు బోట్లు ఆపేశారు, మళ్ళీ మొదలయ్యాక జాకెట్ అడగడం పెరిగింది. అడగడం వేరు, ఇచ్చేది పనికిరావడం వేరు. పేరెందుకు గానీ ఒక చోట ఇచ్చిన జాకెట్లకు బకిల్స్ లేవు, బూజు వాసన. “ఏం కాదు సార్, ఊరికే మెడకేసుకోండి” అన్నాడు. దిగిపోయాం. అప్పటినుంచి సొంతవి రెండు కొని డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నాం. 100 న్యూటన్ల తేల్చే బలం ఉన్న ఫోమువి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నవి. ఆ పట్టీ లేకపోతే నీళ్ళలో పడ్డాక జాకెట్ చెవుల దాకా లేచి మనిషి కిందికి జారతాడు. ఇన్నేళ్ళ వాడకంలో గమనించింది: ఎండలో వదిలేస్తే గుడ్డ పెళుసుబారుతుంది, మీద కూర్చుంటే ఫోము నొక్కుకుపోతుంది. వాడాక నీడలో ఆరేయడం, ఏటా ఒకసారి ఈతకొలనులో వేసుకుని తేలి చూడడం, ఈ రెండూ చేస్తే చాలా కాలం వస్తాయి. గాలి నిండి ఉబ్బే రకం సన్నగా, చూడ్డానికి బాగుంటుంది గానీ దాని గ్యాస్ సిలిండర్ ఒకసారి వాడుకైపోతే కొత్తది తెప్పించాలి. ఫోమే మాకు సరిపోయింది.

మా ఆవిడకు నీళ్ళంటే భయం ఉండేది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర కర్నూలు మీదికొచ్చిన రోజులు చూసినవాళ్ళకు ఆ భయం ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆ భయం కాస్త తగ్గింది అవుకులోనే. అవుకు రిజర్వాయర్‌కు కొండలు అడ్డు, నది ప్రవాహం లేదు, అలలు తక్కువ. మొదటిసారి బోటెక్కేవాళ్ళు, పెద్దవయసు జంటలు అక్కడ మొదలుపెట్టాలి. ప్రయాణం చిన్నదే. మధ్యాహ్నానికల్లా ముగించుకుని పక్కనే బెలుం గుహలనో, యాగంటినో చూసి ఇంటికి రావచ్చు. నాకైతే రెండు రౌండ్లు తిరిగేసరికి చాలనిపిస్తుంది. తనకేమో అదే నంబర్ వన్.

గండికోటను పైనుంచి చూసినవాళ్ళు లక్షల్లో ఉంటారు. బోటులో కూర్చుని తల ఎత్తి ఆ ఎర్రరాతి గోడల్ని చూడ్డం ఇంకో అనుభవం. పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఎర్రమల రాయి రెండు వైపులా లేచి ఉంటే కోట చిన్నదైపోయి కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదిలోపు పోవాలి. ఆ తర్వాత రాయి వేడెక్కి, నీళ్ళ మీద కూడా సెగ కొడుతుంది. వేసవిలో వద్దే వద్దు. అక్కడ కూడా నీళ్ళున్నాయో లేవో ఫోన్ చేసి కనుక్కునే బయలుదేరాలి. గండికోట రిజర్వాయర్ 26.85 టీఎంసీలని చదివి ఎప్పుడూ నిండుగా ఉంటుందనుకోవద్దు. పైగా ఆ రిజర్వాయర్ కట్ట కోటకు ఎగువన ఉంది, కోట కింద లోయలో కనిపించేది మైలవరం డ్యాం వెనుక నీళ్ళు.

తిండి సంగతి ఒక్క మాట. రేవుల దగ్గర టీ, బజ్జీలు తప్ప నమ్ముకోదగ్గది తక్కువ. సజ్జ రొట్టెలు, చెనిక్కాయల పొడి, డబ్బాలో పెరుగన్నం తీసుకుపోతాం. సజ్జ రొట్టె రెండో రోజు కూడా కరకరలాడుతుంది. బోటతనికీ రెండు పెడితే కొర్రమీను ఎక్కడ దొరుకుతుందో, ఏ మలుపులో గాలి కొడుతుందో అన్నీ చెప్తాడు. మూత్రశాలలు అన్ని రేవుల్లోనూ సరిగా లేవు, కొన్ని చోట్ల అసలు లేవు. ఆడవాళ్ళతో పోయేవాళ్ళకు ఇదే పెద్ద ఇబ్బంది. దీని మీద ఎన్నిసార్లు చెప్పినా రేవు దగ్గర ఉన్నవాళ్ళు తలూపి ఊరుకుంటారు.

ఎప్పుడు పోవాలంటే, నవంబర్ నుంచి జనవరి దాకా. గాలి తగ్గి ఉంటుంది, నీళ్ళు ఇంకా మరీ దిగి ఉండవు. జూలై, ఆగస్టుల్లో నైరుతి గాలి కొండల సందులోంచి కొడితే చిన్న బోటు ఊగుతుంది, ఒళ్ళంతా తడుస్తుంది. ఏ నెలలో పోయినా సాయంత్రం అయిదుకు ఒడ్డు చేరాలని బోటతనితో ముందే మాట తీసుకోండి. మట్టం 860 కిందికి పోయాక సంగమేశ్వరం బోటతనికి ఫోన్ చేస్తే “నీళ్ళు ఎనక్కి పోయినాయి సార్, బురదలో నడవాల” అంటాడు. ఆ వారం మేం అవుకు పోతాం.