మెడ పైపా, చేతి ఫిస్టులానా: డయాలసిస్‌కు ఏది మేలు?

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనైనా, జనగామ, మహబూబాబాద్ సెంటర్లలోనైనా కొత్తగా వచ్చిన పేషంటు ముందు పక్క బెడ్లే చూస్తాడు. ఒకరికి మెడ దగ్గర రెండు మూతల పైపు, ఇంకొకరికి చేతి ఫిస్టులాలో రెండు లావు సూదులు. పోటు లేదు కదా, పైపే నయం అనిపిస్తుంది. ఆ సుఖం ఎన్నాళ్లో ఉండదు.

పైపు గొప్పతనమల్లా తొందర. పొటాషియం పెరిగి ఆయాసంతో వచ్చిన మనిషికి వేసిన రోజే డయాలసిస్ మొదలుపెట్టొచ్చు. కానీ దాని కొస ఉండేది గుండె దగ్గర. మూత తీసిన ప్రతిసారీ క్రిములకు దారి తెరిచినట్టే. మిషన్ ఎక్కాక వణుకుతో జ్వరం వస్తే పైపులో ఇన్ఫెక్షన్ అనే అనుమానించాలి. పారాసెటమాల్ వేసుకుని ఇంటికి పోవద్దు, అక్కడే రక్తం కల్చర్‌కు (క్రిములను కనిపెట్టే పరీక్షకు) ఇవ్వాలి. లోపల గడ్డ కడితే నిమిషానికి 300 మి.లీ. రావాల్సిన రక్తం 150కి పడిపోతుంది, అలారం మోగుతూనే ఉంటుంది. నాలుగు గంటలు పడుకున్నా శుభ్రమయ్యేది తక్కువే. తలస్నానం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఫిస్టులా అంటే మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో ధమనిని సిరకు కలిపి కుట్టడం. సిర లావెక్కడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. 6 మి.మీ. వెడల్పు, నిమిషానికి 600 మి.లీ. ప్రవాహం, చర్మం కింద 6 మి.మీ. లోపు లోతు ఉంటే సూదికి సిద్ధం. గాయం మానాక రోజూ మెత్తటి బంతి పిసకాలి. వేలు ఆనిస్తే జుమ్ముమనే అదురు తెలియాలి. పొద్దున, రాత్రి చూసుకోవాలి. అదురు ఆగిందంటే ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి, గంటలు గడిచేకొద్దీ గడ్డ గట్టిపడుతుంది.

ఫిస్టులా ఎక్కువగా చెడేది ఇలా: రెండు డయాలసిస్‌ల మధ్య నాలుగైదు కిలోలు నీరు పెంచుకొస్తారు. 60 కిలోల మనిషికి గంటకు 780 మి.లీ., అంటే నాలుగు గంటల్లో మూడు లీటర్లకు మించి లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, ఫిస్టులాలో రక్తం మందగించి గడ్డ కడుతుంది. సద్దుల బతుకమ్మకని ఫిస్టులా ఉన్న చేతికి బిగుతు గాజులు వేసినా, మేడారంలో బెల్లం బుట్ట ఆ చేత్తో మోసినా ముప్పే. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు. సూదులు తీశాక వేళ్లతో పది పదిహేను నిమిషాలు అదిమితే చాలు, గుడ్డతో బిగించి కట్టొద్దు.

కాబట్టి ఫిస్టులాయే మేలు. గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్లకు, సిరలు మరీ సన్నగా ఉన్న ముసలివాళ్లకు మాత్రం పర్మ్‌కాథే (ఎక్కువకాలం ఉంచే మెడ పైపే) సరి. అసలు చిక్కు వేరే ఉంది: కిడ్నీ దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరుగుతున్న రోజుల్లోనే ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుని ఫిస్టులాకు కావాల్సిన ఎడమ చేతి సిరలు పాడు చేసుకుంటారు. ఆ చేతికి సూది వద్దని, అరచేయి వెనకాల చూడమని అప్పుడే చెప్పాలి.

ఫిస్టులా వాడటం మొదలైన రోజే పైపు తీయించుకోవద్దు. రెండు సూదులతో మూడు నాలుగు డయాలసిస్‌లు సరిగ్గా సాగాకే డాక్టర్‌ను అడగండి.